ఆఖరి కేక

సినిమాలు చూడ్డానికి మా ఆయన టీవీకి తగిలించిన అరచేతంత కంప్యూటర్ బోర్డే ఈ ఏడు మా మామిడితోటకు కాపలా. అసలు కాపలా మనిషి యలమంద కాలు విరగ్గొట్టుకుని విస్సన్నపేటలో మంచం మీదున్నాడు. కిందటేడు ఫోన్లో రికార్డు చేసిన అతని కేకల్ని ఈయన బోర్డులోకి ఎక్కించి, తోటలోనే ఉన్న మా ఇంటి వసారాలో స్పీకర్ పెట్టారు. చీకటి పడగానే అది అరుస్తుంది. మనిషున్నాడనుకుని దొంగలు రారట!

ఇవాళ కేకలు మొదలయ్యే వేళకి యలమందే ఫోన్ చేశాడు. "నీ గొంతు నువ్వే విను" అని నవ్వుతూ ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టాను.

"హోయ్! ఎవర్రా అదీ!" అని నాలుగైదుసార్లు అరిచింది. చివర్లో ఎప్పటిలాగే, "కోటయ్య మావా, అన్నానికి రా!" అంది.

ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మగారూ, ఆఖరిది తీసెయ్యలేదా? కిందటేడు ఆ కేక వినే కదండీ పక్కతోట కోటయ్య మావ బయల్దేరాడు. దారిలోనే పాము కరిచి పోయాడు. రోజూ పెడుతున్నారా?"

"పిందె పడ్డప్పట్నుంచీ."

"ఆపెయ్యండమ్మా. పిలిస్తే రాకుండా ఉండే మనిషి కాదు."

గబగబా వెళ్లి బోర్డు వైరు పీకేశాను. టీవీ ముందు కూర్చున్న ఈయన విసుగ్గా నావైపు చూశారు.

ఆ నిశ్శబ్దంలో, వాకిట్లో నీళ్ల గోలెం దగ్గర చెంబు చప్పుడైంది. ఎవరో తీరిగ్గా కాళ్లు కడుక్కుంటున్నారు.