ముందు ఉరికిన పిల్ల

“మల్లొకసారి పెట్టు బిడ్డా. నువ్వు ఏడనో ఒకకాడ ఉంటవ్,” అన్నాడు లింగం.

స్వరూప విసుగ్గా ఫోన్ మళ్లీ నొక్కింది. ఏటా జరిగే అంతర్జాతీయ పరుగుపోటీల చరిత్రను నిర్వాహకులు వీడియోగా తీశారు. స్వరూప పాల్గొన్న ఐదువేల మీటర్ల పందెం కూడా అందులో ఉంది. ఒక విదేశీ అమ్మాయి రికార్డు కొట్టిన పందెం అది. కానీ వీడియోలో చివరి చుట్టు మాత్రమే పెట్టారు. అప్పటికి స్వరూప ట్రాక్ దిగిపోయింది.

“శామీర్‌పేటల నా తాన చేపలు కొనేటోళ్లందరికీ చెప్పిన, నా బిడ్డను చూడుమని. ఇజ్జత్ పాయె!”

“ఎన్నిసార్లు చెప్పాలె నాయినా? ముందలుండి జోరుగ ఉరికి, ఎనకొచ్చేటోళ్లను రికార్డు కొట్టేటట్టు ఉరికిచ్చుడే నా పని. సగం దాటినంక పక్కకు తప్పుకోవాలె. ఏటేటా గంతే. చరిత్రల గెలిచినోళ్లే ఉంటరు.”

“తప్పుకోకుంటె పట్టుకపోతరా?”

“ఎవలు పట్టుకపోతరు? ఆఖరుదాంక ఉరకొద్దని రూలేం లేదు.”

“మరెందుకు ఆగుతున్నవ్? దమ్ము సాలుతలేదా?”

ట్రాక్ వదిలి పక్కనున్న గడ్డి మీదికి దిగిన ప్రతిసారీ స్వరూప కాళ్లు ఇంకా ముందుకే లాగేవి. ఆమే బలవంతంగా నిలబడేది.

“తెల్వది నాయినా,” అంది.

“తెల్వకుంటనే ఆగినవా?”

ఇంతసేపూ వీడియో తీసినవాళ్ల మీదున్న కోపం మెల్లగా ఆమె మీదికే తిరిగింది. కోచ్‌కు ఫోన్ కలిపింది.

“సార్, ఈ యేడు కూడ ముందల్నే ఉరుకుత. కాని మధ్యల దిగను.”