డాక్టరు ఎక్కిన మూడు బల్లలు

గౌను వెనక తాళ్లు ముడిపడలేదు. ముందు సర్దితే వెనక తెరుచుకుంటోంది. వెనక లాగితే ముందు పైకి లేస్తోంది.

"మనిషికి వెనక భాగం కూడా ఉంటుందని ఈ గౌను కుట్టినవాడికి ఎవరూ చెప్పలేదా ఆర్డిస్?" అన్నాడు డాక్టరు టోలెఫ్‌సన్.

"ఇరవయ్యారేళ్లుగా పేషెంట్లు అడుగుతున్నదే డాక్టరుగారూ. మీకు ఇవాళ వినబడింది," అంది నర్సు.

మిన్నెసోటాలో మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊరు. ఊరందరికీ అదొక్కటే క్లినిక్. అందులో పేషెంట్లని పడుకోబెట్టి చూసే బల్లలు డాక్టరు వచ్చిన ఏడాది కొన్నవి. నడుమెత్తు పెట్టెలు, కింద లాగితే వచ్చే మెట్టొకటి. పోయిన నెల ఎల్వీరా ముసలమ్మ ఆ మెట్టు మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి ఊళ్లో పెద్దవాళ్లెవరూ బల్ల ఎక్కడం లేదు. కుర్చీ పట్టుకుని వదలరు. కోటు విప్పరు. కోటు మీంచి గుండె చప్పుడు వినడమంటే గోడ అవతలి గుసగుస వినడమే.

"మెట్టే కదా, కొండా?" అన్నాడాయన ఒకరోజు.

"అయితే మీరే ఎక్కి చూపించండి," అంది ఆర్డిస్.

అందుకే ఈ శుక్రవారం మధ్యాహ్నం, పేషెంట్లు లేని వేళ, పాత బల్ల పక్కన చూసుకోడానికి తెప్పించిన కొత్తవి రెండున్నాయి. ఐదింటిలోపు ఆర్డరు పంపకపోతే వాటిని పట్టుకుపోతారట. ఎల్వీరా పడింది గౌనులో, సాక్సులతో. కాబట్టి పరీక్ష కూడా గౌనులో, సాక్సులతోనే జరగాలంది ఆర్డిస్. అది న్యాయంగానే తోచింది డాక్టరుకి.

ముందు పాత బల్ల. మెట్టు కిర్రుమంది. ఆయన ఒక మోకాలు పైకి పెట్టాడు, రెండోది రానంది. ఎలాగో దేకి కూర్చునేసరికి బల్ల మీది కాగితం సగం చిరిగి ఆయన తొడకి అతుక్కుంది.

ఈమధ్య మెట్ల మధ్య ఆగాల్సి వస్తే గోడ మీది నోటీసులు చదివినట్టు నటించడం ఆయనకి అలవాటైంది. ఈ గదిలో నోటీసుల్లేవు. కంటిచూపు చూసే అక్షరాల పటముంది. దాన్ని చదివాడు.

"కింది వరస కూడా చదువుతారా, లేక ఊపిరి అందిందా?"

"అందింది. నేనెక్కేలోపు ఏ రోగమైనా దానంతటదే నయమయ్యుండేది." ఆమె అట్ట మీద కాగితం పెట్టి రాస్తోంది. "ఏంటది?"

"మార్కులు."

రెండోది కాస్త పొట్టి, మెత్త మందం. వెల్లకిలా పడుకోమంది.

"పైకప్పు మీద ఆ మరక ఎన్నాళ్లనుంచి ఉంది?"

"మీరొచ్చిన ఏడాది నుంచి. పేషెంట్లందరికీ తెలుసు. పడుకుంటే ఎలా ఉంది?"

"ఛాతీ మీద దూడ కూర్చున్నట్టుంది. తల వైపు లేపు తల్లీ."

"ఇంట్లో ఎన్ని తలగడలు వేసుకుంటారు?"

"తలగడలకీ బల్లకీ ఏం సంబంధం?"

"తల వైపు ఎంత లేవాలో తెలియాలిగా."

"మూడు. మూడోది మా ఆవిడ సిగ్నీది. నిద్దట్లో లాగేసుకుంటున్నా, పాపం. దీనికి మార్కులు తగ్గించు."

మూడోది కరెంటుది. మీట నొక్కితే కుర్చీ ఎత్తుకి దిగింది. డాక్టరు ఊరికే కూర్చున్నాడు, అంతే. బల్ల ఆయనతోపాటు నెమ్మదిగా పైకి లేచింది. దాంట్లోనే తూకం కూడా ఉంది. పక్కనున్న తెరమీద అంకె వెలిగింది. ఆర్డిస్ రాసుకుంది.

"అదెందుకూ?"

"తూకం పనిచేస్తోందో లేదో చూడొద్దూ?"

"పనిచేయడం లేదు. రాసేయ్."

చేయి ఆనించే పట్టె గుండె ఎత్తుకి వస్తోందో లేదో బీపీ పట్టీ కట్టి చూస్తేగానీ తెలియదంది. ఆయన చేయిచ్చాడు. పొద్దున తిన్న కారమెల్ రోల్ జిగురు ఇంకా పోలేదు ఆ చేతికి. పట్టీ బిగిసింది, వదిలింది. ఆమె మళ్లీ బిగించింది. కాళ్ల వైపు సరిపోయిందా అంటూ సాక్సులు దించి చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది.

"అది బల్ల తప్పు కాదులే. ఈ వయసులో సాక్సులు కూడా మన మీద పగబడతాయి," అన్నాడాయన.

ఆర్డిస్ అదీ రాసుకుంది.

కిందికి దించమని, కాసేపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు డాక్టరు. బట్టతల, తెరుచుకున్న గౌను, తొడ మీద ఇంకా కాగితం ముక్క. తలుపు పక్కనున్న అద్దంలో చూసుకుంటే, ఈయన చేత పరీక్ష చేయించుకోడానికి తనైతే ఒప్పుకునేవాడు కాదనిపించింది.

"ఇరవయ్యారేళ్లు ఈ ఊరివాళ్లని ఆ కొండ ఎక్కించాను. ఒక్కళ్లూ తిట్టలేదు."

"మీ ముందు తిట్టలేదు."

"మూడోదే. అన్ని గదులకీ అదే తెప్పించు. ఎల్వీరాకి ఫోన్ చెయ్యి, సోమవారం వచ్చి కూర్చుంటే చాలు, ఎక్కక్కర్లేదని చెప్పు. ఇదిగో, ఐదు కావస్తోంది. సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆర్డిస్ అట్టా కలమూ అందించింది. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు.

ఎంత వెతికినా ఆ కాగితంలో ఒక్క బల్ల పేరూ లేదు. పేషెంటు అన్నచోట తన పేరు, దాని కింద బరువు, రెండుసార్లు చూసిన బీపీ, మూడు తలగడలు, కాలివాపు, అన్నిటికీ అడుగున సోమవారం పొద్దున తొమ్మిదింటికి పట్నంలో గుండె డాక్టరు దగ్గర రెండు వారాల కిందటే తనకోసం ఆర్డిస్ తీసిపెట్టిన అపాయింట్‌మెంటు ఉన్నాయి.