మూడు లెన్సులకూ చిక్కని మొహం

ఆ ఫోటోగ్రాఫర్ తన స్టూడియో బోర్డు మీద “ఉన్నది ఉన్నట్టు” అని రాయించుకున్నాడు. ఆ మాట మీద ఎంత గట్టిగా నిలబడ్డాడంటే, తన ఫోటో చూసుకున్న అత్తగారు అల్లుడితో మాట్లాడటం మానేసింది.

అంతటివాడికీ ఆ ఉదయం చెమటలు పట్టాయి.

“మా ఆవిడ అడిగింది నాయనా,” అన్నాడు స్టూలు మీది ముసలాయన. “ఇంట్లో నాది ఒక్క ఫోటో కూడా లేదు. నన్ను నన్నుగా తియ్యి, చాలు.”

“అదెంత పని బాబాయిగారూ!”

దగ్గర లెన్సు పెట్టి నొక్కాడు. కంప్యూటర్ తెర మీద తాగుబోతు ఒకడు ఇకిలిస్తున్నాడు.

దగ్గరది ముక్కును సాగదీస్తుందిలే అనుకుని నడిమి లెన్సు బిగించాడు. ఈసారి ఉరిశిక్ష వేయబోయే జడ్జి.

దూరం లెన్సు తగిలించి, గోడకు వీపు ఆనించి తీశాడు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి! మాసిన గడ్డంతో ఉన్న తల్లి. అయినా ఫోటోగ్రాఫర్‌కు నవ్వు రాలేదు. కళ్ళు చెమర్చాయి.

తప్పు సెట్టింగులదే అనుకున్నాడు. కాంట్రాస్టు తగ్గించాడు. తెల్లకాగితం ఎదురుగా పట్టి, ఒక్కో లెన్సుకూ రంగు విడిగా సరిచేశాడు. మళ్ళీ తీస్తే మూడింటిలోనూ ఒంటిరంగు ఒక్కటే అయింది.

మనిషే ఒక్కడు కాలేదు.

కౌంటరు దగ్గరి నుంచి ఫోటోగ్రాఫర్ భార్య తెర వైపు తొంగిచూసింది. “ముగ్గురొచ్చారా? నేనొక్కరికే మంచినీళ్ళిచ్చానే!”

“నీ వేళాకోళం తగలెయ్య!” ఆ విసురు ముసలాయన మీదికి తిరిగింది. “కాస్త మామూలుగా కూర్చోలేరా బాబాయిగారూ? కెమెరా మాత్రం ఏం చేస్తుంది?”

“కూర్చుందామనే చూస్తున్నా నాయనా. ఎదురుగా ఆ గాజుకన్ను కనిపిస్తే ఈ మొహం నా మాట వినదు.” ఆయన లేచాడు. “రైలుకు వేళయింది. ప్రాప్తం లేదని ఆవిడకు చెబుతాలే.”

గుమ్మం దగ్గర గొడుగు అందుకుంటూ వెనక్కి తిరిగాడు. అలసిపోయిన, మెత్తని, ఏ గొప్పా లేని మొహం.

ఫోటోగ్రాఫర్ చూశాడు. కానీ అప్పటికే లెన్సుకు మూత పెట్టేశాడు. మళ్ళీ తీయడానికి బద్ధకించాడు.

మధ్యాహ్నం పోస్టర్ల పని మీద నాటక కంపెనీ మేనేజరు వచ్చాడు. తెర మీది ఫోటోలు చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

“అరెరె! మా తాగుబోతు! మా జడ్జిగారు! అదిగో, ఊళ్ళకు ఊళ్ళను ఏడిపించిన మా తల్లి!”

“వీళ్ళంతా మీ నటులాండీ?”

“నటులేంటయ్యా! ముగ్గురూ ఒక్కడే, మా కంపెనీకి నటుడంటే ఆయనే. నిన్నటి ఆటతో వేషాలు చాలించాడు, ఈపాటికి రైలెక్కేసుంటాడు.”

“తనని తనలా తియ్యమన్నారండీ...”

మేనేజరు గొంతు తగ్గించాడు.

“నలభై ఏళ్ళు పక్కనే తిరిగాను బాబూ, ఆయన సొంత మొహం ఎలా ఉంటుందో నాకే తెలీదు.”