ఫిల్టర్ బిగించిన మనిషి

తలుపు చప్పుడైంది. నర్సవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

గడప అవతల ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో బండి తాళంచెవి.

“నర్సవ్వ ఇల్లు ఇదేనా?”

“ఇదే అన్న. జల్ది రా. పొద్దటిసంది నీ కోసమే చూస్తున్న.”

“నా కోసమా?”

“ఫిల్టర్ బిగించెటందుకు మనిషిని తోలుతమని షాపోళ్లు నిన్ననే చెప్పిరి. నల్లా వంటింట్ల ఉన్నది, రా.”

ఆయన ఏదో చెప్పబోయాడు. నర్సవ్వ అప్పటికే లోపలికి నడిచింది.

ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు బయట విడిచి ఆమె వెనకే వచ్చాడు.

ఫిల్టర్ డబ్బా పొయ్యి గట్టు మీద ఉంది.

అది కొనడానికి తల్లీకూతుళ్లు బాన్సువాడ బస్టాండు దగ్గరి షాపులో చాలాసేపు వాదించుకున్నారు. మిద్దె మీది పాత సిమెంటు ట్యాంకు నీళ్లతో వానాకాలమంతా నర్సవ్వకు కడుపు బాగాలేదు. దవాఖాన ల్యాబులో పనిచేసే కూతురు సహజ, గోడకు తగిలించే పెద్ద మిషనే కావాలంది. బిందెడు నీళ్లిచ్చేలోపు ఇంకో బిందెడు పారబోస్తుందని తెలిసి నర్సవ్వ ససేమిరా అంది. చివరికి నల్లా మూతికి బిగించే చిన్నది తీసుకున్నారు.

“పానా తెచ్చుకోలేదా అన్న?”

“బండిల ఉన్నది చెల్లె.”

బయటికి పోయి పానా తెచ్చాడు. చొక్కా చేతులు మడిచాడు.

నల్లా పాతది. మూతి దగ్గర మరలు అరిగిపోయాయి. ఫిల్టర్ పెడితే వదులుగా ఊగింది. డబ్బాలో వచ్చిన తెల్లటేపు చుట్టి మళ్లీ బిగించాడు. నీళ్లు పక్క నుంచి చిమ్మి చొక్కా తడిసిపోయింది.

“కొత్తోని లెక్క చేస్తున్నవేంది?” అంది నర్సవ్వ, వంటింటి గడప దగ్గర కూర్చుని తునికాకు కత్తిరిస్తూ.

“పొలం మోటర్లకు బిగించుడే అలవాటు చెల్లె. వంటింటి నల్లా ఇదే మొదలు.”

నర్సవ్వ నవ్వింది.

“ఇంట్ల ఎవరెవరుంటరు?” ఆయన అడిగాడు.

“నేను, నా బిడ్డ. దాని నాయిన అది చిన్నగున్నప్పుడే పోయిండు. గీ బీడీల మీదనే సదివించిన.”

“పెండ్లి చేయవా మరి?”

ఆమె చేతిలో కత్తెర ఆగింది.

“గదే ఫికర్ అన్న. బీర్కూర్ దిక్కు తండా పిల్లగాన్ని చేసుకుంటనంటున్నది. దవాఖానల ఇద్దరిది ఒక్కటే నౌకరి.”

“పిల్లగాడు మంచోడు కాదా?”

“నేను చూడలేదు. ఇంటికి తేవద్దని చెప్పిన. వాళ్ల భాష వేరు, కట్టుబాట్లు వేరు. గా సంబంధం చేసుకుంటే రేపు మావోళ్లు నా ఇంట్ల మంచినీళ్లు ముడతరా? నువ్వే చెప్పు.”

ఆయన చుట్టిన టేపంతా విప్పేసి, మళ్లీ మొదటి నుంచి చుట్టసాగాడు.

కాసేపటికి, “బిడ్డ ఏమంటది?” అన్నాడు.

“నేను ఒప్పుకోనిది చేసుకోనంటది. నాతోని మంచిగనే ఉంటది. కాని మునుపటి లెక్క నవ్వది.”

“నీకు అదొక్కతే గదా చెల్లె.”

“అదొక్కతే. కాని నలుగుర్ల తలదించుకొని నేను బతకలేనన్న.”

ఈసారి ఫిల్టర్ గట్టిగా కూర్చుంది.

నల్లా తిప్పాడు. మొదట బొగ్గుపొడి కలిసిన నల్లటి నీళ్లు వచ్చాయి. మిరపచెట్టుకు పోస్తానని నర్సవ్వ వాటికీ గిన్నె పట్టింది. నీళ్లు తేటపడ్డాక ఆయన గ్లాసు నింపి రెండు చేతులతో ఆమెకు అందించాడు.

నర్సవ్వ తాగింది.

“మట్టివాసన పోయింది. చాయ్ తాగి పో అన్న.”

ఆ నీళ్లతోనే చాయ్ పెట్టింది. ఇద్దరూ వంటింట్లోనే కూర్చుని తాగారు. కూలి ఎంతని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

గడప దాటాక ఒకసారి వెనక్కి తిరిగాడు. ఏదో అనబోయి, “పైలం చెల్లె” అని మాత్రం అని బండెక్కాడు.

మధ్యాహ్నం కృష్ణ అనే అతను పనిముట్ల సంచితో వచ్చాడు.

“షాపు నుంచి వచ్చిన అక్కా. లేటయింది. ఫిల్టర్ ఏది?”

“పొద్దున మీ మనిషి వచ్చి బిగించి పోయె గదా.”

“మా షాపుల బిగించెటోన్ని నేనొక్కన్నే.”

కృష్ణ నల్లా తిప్పి, చేతితో కదిపి చూశాడు.

“మంచిగనే బిగించిండు. ఎవరాయన?”

“పేరు అడగలేదు” అంది నర్సవ్వ. “ఎవరో గని, సొంత అన్న లెక్క మాట్లాడిండు.”

సాయంత్రం సహజ వచ్చింది. భుజానికున్న సంచి కూడా దించకుండా మంచం అంచున కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“అమ్మా, ఇగ నువ్వు ఫికర్ చేయకు. వినోద్‌తోని పెండ్లి ముచ్చట అయిపోయింది.”

నర్సవ్వ సంతోషించాల్సిన మాటే. కూతురి ముఖం చూస్తే సంతోషం రాలేదు.

“ఏమైంది బిడ్డా?”

“వాళ్ల నాయిన వద్దన్నడట. ‘ఆమె ఒక్కతే కష్టపడి పెంచుకున్న బిడ్డ, ఆ తల్లి మనసు నొప్పించి మనం తెచ్చుకోవద్దు’ అన్నడట. ఆయన మాట వినోద్ దాటడు.”

నర్సవ్వ కూతురి పక్కన కూర్చుంది.

“నా మనసు ఆయనకెట్ల తెలుసు? ఆయన నన్నెప్పుడు చూసిండు?”

సహజ తల్లివైపు వింతగా చూసింది.

“పొద్దున సంబంధం మాట్లాడెటందుకు ఆయన మనింటికే వచ్చిండు గదమ్మా, నువ్వే లోపలికి పిలిచి చాయ్ పోసినవట.”