తెల్ల తాన్లు

1984 నవంబరు పదిహేడు, శనివారం. ఆ మధ్యాహ్నం శ్యామ్‌సుందర్ తిన్నది కాగితం పళ్ళెంలో నిమ్మకాయ పులిహోర, పక్కన కాస్త గోంగూర పచ్చడి. రెండో ముద్ద నోట్లో ఉండగానే కొండల్‌రావు కత్తెర బల్ల మీద పడేశాడు.

"గింత చిన్నగ కోస్తే ఏం పనికొస్తయి, శ్యామన్నా? ఈ ముక్క నా తలకాయకి గూడ సరిపోదు."

"నీ తలకాయకి తాను మొత్తం కావాలె," అంది వసుమతి భర్త వైపు చూడకుండా. ఆమె చేతిలో కత్తెర ఆగలేదు.

షికాగో దగ్గర అరోరాలో ఆ భార్యాభర్తల ఇంటి గరాజ్ అది. కార్లు బయట చలిలో ఉన్నాయి. లోపల రెండు మడత బల్లల మీద, శ్యామ్‌సుందర్ టోకు దుకాణంలో కొనుక్కొచ్చిన కొత్త తెల్ల నూలు తాన్లు పరిచి ఉన్నాయి. ఐదింటికి సహాయ సంఘం వాళ్ళ వ్యాన్ వస్తుంది. రాత్రికి ఈ గుడ్డలు షికాగో చేరాలి. అక్కణ్ణించి విమానంలో ఇథియోపియాకి.

"చంటిపిల్లల్ని చుట్టడానికని చెప్పాను కదా," అన్నాడు శ్యామ్‌సుందర్. "చిన్నవే ఎక్కువ కావాలన్నారు."

అందులో సగమే నిజం. కరువు శిబిరంలో నర్సుగా పనిచేస్తున్న స్నేహితుడి కూతురు పోయిన వారం ఫోన్‌లో చెప్పింది వేరు. తిండిగింజలు ఓడల్లో బయల్దేరాయి, ఇంకా దారిలోనే ఉన్నాయి. తెల్లారేసరికి గుడారాల ముందు తల్లులు వచ్చి కూర్చుంటున్నారు, ఒళ్ళో ప్రాణం లేని పిల్లలతో. వాళ్ళు గింజలు అడగడం లేదు. పూడ్చేముందు చుట్టడానికి శుభ్రమైన తెల్లగుడ్డ అడుగుతున్నారు. "గోనెసంచుల్లో చుడుతున్నాం అంకుల్," అని చెప్పి ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

ఈ ఇంట్లో ఆ మాట ఎలా చెప్పడం? పైన గదిలో వాళ్ళ కూతురు జయంతి పురిటికని వచ్చి ఉంది. ఏడో నెల. పోనీ వేరేచోట కోయిద్దామంటే ఇంత జాగా, ఇన్ని చేతులు ఇంకెక్కడా దొరకలేదు. తనది ఒంటిగది అపార్ట్‌మెంట్. పిల్లల్లేని ఇల్లు, భార్య మీనా పోయాక కత్తెర కూడా ఎక్కడుందో తెలియని ఇల్లు. నిజం తెలిస్తే వసుమతి పని ఆపేస్తుంది. ఏ తల్లయినా ఆపేస్తుంది, తప్పు పట్టడానికి లేదు. వ్యాన్ కదిలేదాకా తెలియకపోతే చాలు. ఆ తర్వాత పాపమంతా తనది.

ఇంట్లోకి వెళ్ళే తలుపు తెరుచుకుని జయంతి వచ్చింది.

"మమ్మీ, ఐ యామ్ సో బోర్డ్. నేను ఫోల్డ్ చేస్తా."

"పైకి పో బిడ్డా. ఇక్కడ చలి."

"పడుకొని పడుకొని క్రేజీ అయిపోతున్నా. అంకుల్, మీరు చెప్పండి మమ్మీకి."

శ్యామ్‌సుందర్ పళ్ళెం పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. జయంతి అప్పటికే దొంతరలోంచి ఒక ముక్క తీసి పొట్ట మీద పరుచుకుంది.

"ఎంత చిన్నగా ఉంది! సో క్యూట్. అంకుల్, ఒకటి మా బేబీకి ఉంచుకోవచ్చా?"

వద్దనాలి. వద్దంటే ఎందుకని అడుగుతుంది. శ్యామ్‌సుందర్ ఏం చెప్పాలో వెతుక్కునే లోపే వసుమతి బల్ల చుట్టూ తిరిగొచ్చి కూతురి పొట్ట మీంచి గుడ్డ తీసేసింది.

"ఒకళ్ళకిస్తమని కోసినదాన్ల మనం తీసుకోవద్దు."

"ఒక్కటే కదా మమ్మీ."

"ఒక్కటి గూడ వద్దు. నీ పిల్లకి నేను వేరే తెస్త. పో, చేతులు కడుక్కొని పండుకో."

"మీ అమ్మ పిసినారితనం ఆఫ్రికా దాకా తెలవాలె," అన్నాడు కొండల్‌రావు. జయంతి నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది.

శ్యామ్‌సుందర్ ఊపిరి వదిలాడు. వసుమతి పట్టింపు పుణ్యమా అని ఇంకో అబద్ధం ఆడే పని తప్పింది. పొద్దుట్నించి నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నవాడికి అదే పెద్ద దయలా అనిపించింది.

వ్యాన్ వచ్చేసరికి చీకటి పడింది. డ్రైవర్ వయసు మళ్ళిన తెల్లాయన. పెద్ద మూటలన్నీ ఎత్తాడు. చిన్న ముక్కల మూట దగ్గరికి వచ్చాక టోపీ తీసి చంకలో పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకెళ్ళాడు.

"చూసినవా, ఎంత మర్యాదో," అన్నాడు కొండల్‌రావు. "మనోళ్ళయితే విసిరేద్దురు." చలికి చేతులు రుద్దుకుంటూ టీ పెట్టడానికి లోపలికి పోయాడు.

వ్యాన్ వీధి మలుపు తిరిగింది. శ్యామ్‌సుందర్ కారు తాళాలు చేతిలో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. కానీ వచ్చే శనివారం మళ్ళీ ఈ ఇంట్లో కూర్చుని అన్నం ఎలా తింటాడు? వసుమతి నేలమీది నూలు పోగులు ఊడుస్తోంది.

"చెల్లెమ్మా, టీ వద్దులే, వెళ్తాను. పోయేముందు నీకొక మాట చెప్పాలి. ఆ గుడ్డలు..."

"చెప్పకండన్నా."

చీపురు గోడకి ఆనించి, ఇంట్లోకి వెళ్ళే తలుపు మూసే ఉందో లేదో ఒకసారి వెనక్కి చూసుకుంది.

"జయంతికి తెలవకపోతే చాలు. పురిటి బిడ్డని పాతబట్టలనే చుడ్తరన్నా. మీరు కొత్త తెల్ల తాన్లు తెచ్చిననాడే నాకు తెల్సింది," అని వసుమతి ఆ రాత్రికి గరాజ్ తలుపు చప్పుడు కాకుండా కిందికి దించింది.