ఉమ్మడి ఫైల్

"మళ్లీ కొత్తదే వచ్చి కూర్చుంది!" కేతకి కంప్యూటర్ మీద విసుక్కుంది.

పొయ్యి కట్టేసి వచ్చి అత్తగారు సులభ పక్కనే కుర్చీ లాక్కుంది. పొద్దున్న అప్‌డేట్ అయినప్పటి నుంచీ ఆవిడ మరాఠీ టైపింగ్ ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు. దీపావళి సంచికకు రాసిన కథ అందులోనే ఇరుక్కుంది. సాయంత్రంలోగా పంపకపోతే ఈ ఏడాదికి లేనట్టే. ఆ అప్‌డేటర్ తయారుచేసింది కోడలి కంపెనీయే. దులిపెయ్యడానికి ఇంతకంటే దగ్గరి మనిషి పుణె మొత్తంలో దొరకదు. అయినా సులభ కోప్పడలేదు.

"అసలు గొడవేంటే?"

"లైబ్రరీ అని ఒక ఉమ్మడి ఫైల్ ఉంటుంది, ఆయీ. మీ టైపింగ్‌కి పాత వెర్షన్ కావాలి. కొత్తగా వేసిన తప్పులు దిద్దే ప్రోగ్రాంకి కొత్తది కావాలి. నేను పాతది పెడతాను, అప్‌డేటర్ తీసేసి కొత్తది పెడుతుంది."

"తప్పెవరిది?"

"ఎవరిదీ కాదు. రెండూ మంచివే. ఒకే ఫోల్డర్‌లో ఉంచడమే తప్పు."

సులభ వంటింట్లోకి వెళ్లింది. కోడలు కింది అరలో సర్దిన మసాలా డబ్బాను అలవాటుగా పై అరలోకి మార్చి, రెండు కప్పుల టీతో వచ్చింది. ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది.

"ఇంకో గంట ఆగండి గోడ్‌బోలే గారూ, తేల్చి చెబుతాను."

"ఎడిటర్ తొందరపెడుతున్నారా?" అంది కేతకి. సులభ టీ ఊదుకుంటూ కూర్చుంది.

"పాతదాన్నే మార్చేస్తే పోలేదూ?"

"అమ్మో! మీ ఫైళ్లన్నీ దాన్నే నమ్ముకుని ఉన్నాయి. దేని ఫోల్డర్ దానికి, దేని లైబ్రరీ దానికి ఇచ్చేస్తే సరి."

"చోటు దండగ కదే?"

"కాస్త దండగే. రోజూ కొట్టుకోవడం తప్పుతుందిగా."

"విడదీస్తే మరి మాటామంతీ?"

"ఎందుకుండవు? ఇచ్చిపుచ్చుకోవడాలు మామూలే. ఇప్పటికంటే బాగుంటాయి కూడా."

కేతకి రెండింటికీ వేరువేరు ఫోల్డర్లు చేసి మీట నొక్కింది. అప్‌డేటర్ తన పని చేసుకుపోయింది. టైపింగ్ ప్రోగ్రాం తెరుచుకుని కథ కళ్లముందుకొచ్చింది. అత్తాకోడళ్లిద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. కథ పత్రికకు వెళ్లిపోయింది.

"ఇక ఆయనకి చెప్పెయ్యండి, ఆయీ."

సులభ కోడలి తల నిమిరి ఫోన్ అందుకుంది.

"గోడ్‌బోలే గారూ, ఆ కింది అంతస్తు ఫ్లాట్ నాకే ఇచ్చెయ్యండి."