పక్క బల్ల ముసలమ్మ

"థూ!"

ఓర్తెన్సియా చేతిలోని గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

పక్క బల్ల దగ్గర ఓ ముసలమ్మ నమిలిన మాంసం ముద్దని రేకు డబ్బాలోకి ఉమ్మేసింది. గడ్డం మీదికి కారిన పులుసుని ముంజేత్తో తుడుచుకుంది. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది.

నమలడం, ఉమ్మడం. మళ్లీ నమలడం, మళ్లీ ఉమ్మడం.

ఓర్తెన్సియా మొహం అటు తిప్పుకుంది.

బొలోన్యా నగరం నుంచి అయిదు గంటలు కారు నడుపుకుంటూ ఆమె మొలీజె కొండల్లోని ఈ ఊరికొచ్చింది. ఏ ప్రాంతంలో ఏ వైన్ తాగుతారో, ఏ ఊళ్లో ఏం వండుతారో దేశమంతా తిరిగి పుస్తకం రాస్తోంది. ఈ చిన్న హోటల్లో ముదురు గొర్రె మాంసాన్ని ఇక్కడి ఎర్ర వైన్‌లో వండుతారని, అలాంటి కూర ఇంకెక్కడా దొరకదని ఎవరో చెప్పారు.

హోటల్ యజమాని వితాలె దగ్గరికొచ్చాడు.

"వైన్ ఎలా ఉంది మేడమ్?"

ఆమె ఓ గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, వైన్ రుచి చూసేవాళ్ల పద్ధతిలో పక్కనున్న పింగాణీ గిన్నెలోకి సుతారంగా ఉమ్మింది.

"బాగుంది. ఆల్‌బుఖారా వాసనొస్తోంది. చివర్లో కాస్త మిరియాల ఘాటు," అంటూ నోట్‌బుక్‌లో రాసుకుంది. "అది సరే, ఆ గోలేమిటి?"

వితాలె పక్క బల్ల వైపు చూడలేదు.

"మా వీధి ఆవిడే మేడమ్. నున్సియా పిన్ని. కాస్త ఓర్చుకోండి."

అంతలో ముసలమ్మ వంటింటి వైపు తిరిగి అరిచింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"కార్మేలా! కూరలో కొండాకు వాసన చాల్లేదే!"

"వేశాను పిన్నీ!" లోపల్నించి వితాలె భార్య గొంతు.

"వేస్తే నాకు తెలీదా, మొద్దుదానా! ఇంకో గుప్పెడు వెయ్యి. మంట తగ్గించు!"

వితాలె పళ్లెం తెచ్చి పెట్టాడు. కూర నల్లగా నిగనిగలాడుతోంది. ఓర్తెన్సియా ఫోర్కు అందుకునే లోపే ముసలమ్మ లేచి వచ్చింది. ఆమెతో పాటే కంపు కూడా వచ్చింది, మానని పుండు కంపు.

మురికి గోళ్ల వేళ్లు నేరుగా పళ్లెంలోకి దిగాయి. ఓ ముక్క తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. అరచేతిలోకి ఉమ్మి, దాన్ని తేరిపార చూసింది.

"తినకే పిల్లా. ఇంకా కుదర్లేదు. ఒక్క గంట ఆగు."

ఆ అరచెయ్యి సరిగ్గా ఓర్తెన్సియా ముక్కు కిందే ఉంది. జొల్లు తీగలా సాగి తెల్లటి బల్లగుడ్డ మీద పడింది.

ఓర్తెన్సియా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీ వెనక్కి తన్ని లేచింది.

"ఛీ! ఇది మనుషులు తినే చోటేనా?"

"మేడమ్, ఒక్క మాట వినండి. ఆవిడకి..."

"నాకు కథలొద్దు! ఆవిడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. మీ హోటల్ పేరు నా పుస్తకంలో ఉండాలా, వద్దా?"

వితాలె హోటలంతా ఓసారి కలియజూశాడు. మిగతా ఎనిమిది బల్లలూ ఖాళీ. చలికాలం మొదలైనప్పట్నించీ అంతే.

అతను నోరు విప్పే లోపే ముసలమ్మ డబ్బా చంకన పెట్టుకుంది.

"నేను వెళ్తాలేరా. ఆవిణ్ణి బాగా చూసుకో. నాలుగు మంచి ముక్కలు రాస్తుంది."

కార్మేలా గరిటె పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది.

"ఒక్క గంట అన్నావు కదా పిన్నీ! వెళ్లకే!"

"నీ మొహం! చేసుకుంటావులే," అంటూ ముసలమ్మ గుమ్మం దిగిపోయింది.

కార్మేలా ఆ గుమ్మంలోనే నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. దీనికి కూడా ఏడుపా అనుకుంది ఓర్తెన్సియా.

బల్లగుడ్డ మార్చారు. వేరే పళ్లెం తెచ్చారు. కూర బాగానే ఉంది. బాగానే ఉంది, అంతే. అలాంటిది ఆమె ఇరవై ఊళ్లలో తింది.

'వైన్ కోసం వెళ్లండి. కూర మామూలు. పక్క బల్ల దగ్గర ఉమ్మే ముసలమ్మ కనిపిస్తే మాత్రం గుమ్మంలోంచే వెనక్కి తిరగండి,' అని పుస్తకంలో రాసింది. చదివినవాళ్లు ఆ ఆఖరి మాటకి పడీపడీ నవ్వారు.

ఏడాది తర్వాత ఓ పాఠకుడి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది.

'ఆ కూర మామూలా? పదేళ్ల కిందట నేనక్కడ తిన్నాను. ఆ రుచి ఇప్పటికీ కలలోకొస్తుంది. మీరు తిన్నది అదేనా?'

ఆ ప్రశ్న ఓర్తెన్సియాకి ముల్లులా గుచ్చుకుంది. మళ్లీ అయిదు గంటలు కారు నడిపింది.

అదే బల్ల దగ్గర కూర్చుని అదే కూర తెప్పించుకుంది. పక్కన ఎవరూ లేరు. నిమ్మళంగా, ముక్క ముక్కా నమిలి చూసింది. మామూలు కూరే.

"పదేళ్ల కిందట ఇక్కడ వండింది ఎవరండీ?" అనడిగింది.

వితాలె తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తూ ఉండిపోయాడు.

"ఆ రోజు మీరు లేపి పంపించారే, ఆవిడే మేడమ్. ముప్పై ఎనిమిదేళ్లు వండింది. చేతులు వణుకుతున్నాయని మా ఆవిడకి నేర్పడానికి కూర్చుంది. కొలతల్లేవు, రాసుకున్నదీ లేదు. రుచి చూడాలి, చెప్పాలి. నోట్లో పుండుతో ముద్ద గొంతు దిగదు. అందుకని నమిలి ఉమ్మేసేది."

ఓర్తెన్సియా ఫోర్కు కింద పెట్టేసింది.

"మరి... ఇంకో రోజు పిలిపించి నేర్చుకోవాల్సింది కదా?"

"వీలు కాలేదు మేడమ్," అన్నాడు వితాలె. "మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేసి ఆవిడ నాలుక తీసేశారు."